రెండు చెవుల ఇంజినీరు

ఎవరన్నా ఇంటికి మ్యూజిక్ సిస్టమ్ కొన్నారంటే మనం అడిగే మొదటి ప్రశ్న ఎన్ని వాట్లు అని. రెండోది బేస్ ఎలా ఉంది అని. మూడోది ఎంత పడింది అని. పాట వినేటప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారు అని మాత్రం అడగం. నిజానికి ఇంట్లో ఆడియో సిస్టమ్ పెట్టుకోవడంలో అసలు సంగతంతా ఆ అడగని ప్రశ్నలోనే ఉంది. ఆ ప్రశ్నతోనే లెక్క మొదలుపెట్టిన ఇంజినీరు ఒకాయన ఉన్నాడు. నిండా 39 ఏళ్ళు కూడా బతకలేదు. ఆ కాస్త కాలంలోనే 128 పేటెంట్లు సంపాదించాడు. పేరు అలన్ డవర్ బ్లమ్‌లైన్. మన ఇయర్‌ఫోన్ల మీద చిన్నగా ఎల్, ఆర్ అని రాసి ఉంటుంది చూడండి, ఆ రెండక్షరాల వెనక ఉన్న మనిషి ఈయనే.

బ్లమ్‌లైన్ 1903 జూన్ 29న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పుట్టాడు. తండ్రి సెమ్మీ జర్మనీలో పుట్టి బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నాయన. తల్లి జెస్సీ, దక్షిణాఫ్రికాలో పనిచేసిన ఒక స్కాట్లండ్ మిషనరీ కూతురు. కుర్రాడికి ఏడేళ్ళప్పుడు ఇంట్లో కాలింగ్ బెల్ పాడైతే తనే బాగుచేశాడట. అక్కడితో ఊరుకోలేదు. కింద ఎలక్ట్రికల్ ఇంజినీర్ అని సంతకం పెట్టి తండ్రి చేతికి బిల్లు కూడా ఇచ్చాడు. తమాషా ఏమిటంటే ఇదే పిల్లాడికి పన్నెండేళ్ళు వచ్చేదాకా పుస్తకం సరిగ్గా చదవడం రాలేదని చెబుతారు. అక్షరాలతో ఆలస్యమైంది గానీ తీగలతో కాలేదు. హైగేట్ స్కూల్లో చదువు ముగించి, లండన్‌లోని సిటీ అండ్ గిల్డ్స్ కాలేజీలో చేరి, రెండేళ్ళలో ఫస్ట్ క్లాస్ ఆనర్స్‌తో డిగ్రీ పట్టుకుని బయటికొచ్చాడు.

1924లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉద్యోగం. టెలిఫోన్ల పని. అక్కడ ఆయన చేసిన పనుల్లో ఒకటి మనకి ఇక్కడ ముఖ్యం. మనిషి చెవి ఏ ఫ్రీక్వెన్సీని ఎంత గట్టిగా వింటుందో కొలిచాడు. అంటే మీటరు చూపించే అంకె వేరు, చెవికి అనిపించేది వేరు అని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలుసుకున్నాడన్నమాట. దూరప్రాంతాల టెలిఫోన్ లైన్లలో ఒకరి మాటలు ఇంకొకరి లైన్లోకి దూరిపోయే క్రాస్‌టాక్‌ని తగ్గించే కాయిల్స్ మీద కూడా పనిచేసి పేరు తెచ్చుకున్నాడు.

ఆ చెవి లెక్క మన సిస్టమ్‌కి ఎలా వర్తిస్తుందో ఇక్కడే చెప్పుకుందాం. 50 వాట్ల యాంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది పెడితే శబ్దం రెట్టింపు అవుతుందని చాలామంది అనుకుంటారు. డెసిబెల్ లెక్కలో పెరిగేది 3 మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్ల పవర్ కావాలి. కాబట్టి మామూలు గదికి వాట్ల కోసం పోట్లాడుకోవడం అనవసరం. ఉన్న పవర్‌తో శుభ్రంగా, పగలకుండా వినిపిస్తోందా అన్నది చూసుకోవాలి.

1929లో బ్లమ్‌లైన్ కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీకి మారాడు. అక్కడ ఐజాక్ షోన్‌బర్గ్ అనే ఆయన కింద పని. అప్పటికి కంపెనీకి ఒక పెద్ద తలనొప్పి ఉంది. మైకు పెట్టి, కరెంటుతో రికార్డు కోసే పద్ధతి మీద పేటెంటు అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్ళది. అమ్మిన రికార్డులన్నిటికీ వాళ్ళకి రాయల్టీ కట్టుకోవాలి. ఆ పేటెంటు తగలకుండా కొత్త యంత్రం తయారుచేయమన్నారు. బెల్ వాళ్ళ కటర్‌లో అనవసరమైన ఊగులాటని ఆపడానికి పొడవాటి రబ్బరు కడ్డీ వాడేవారు. బ్లమ్‌లైన్ ఆ దారినే వదిలేశాడు. కాయిల్ కదిలే కొత్త రకం కటర్ తయారుచేసి, ఊగులాటని అయస్కాంత పద్ధతిలోనే అదుపు చేశాడు. సహోద్యోగి హెర్బర్ట్ హోల్మన్‌తో కలిసి మైకు నుంచి కటర్ దాకా కొత్త వ్యవస్థ నిలబెట్టాడు. రాయల్టీ బెడద పోయింది, శబ్దం కూడా మెరుగైంది.

ఇందులో మనం పట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. కరెంటు ఒంపుల్ని కదలికగా మార్చే చోట, కదలికని మళ్ళీ గాలి అలలుగా మార్చే చోట ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఇంటి సిస్టమ్‌లో ఆ చోటు స్పీకరు. ఫోన్లో ఉండే డిజిటల్ చిప్పు ఈరోజుల్లో చవకలో కూడా బాగానే ఉంటుంది. మామూలు రాగి తీగ తగినంత లావుంటే చాలు. కాబట్టి బడ్జెట్‌లో పెద్ద వాటా స్పీకర్లకి పోవాలి. బంగారు పూత పూసిన కేబుళ్ళకి కాదు.

1931లో కొలంబియా, హెచ్‌ఎంవీ కుక్క బొమ్మ గుర్తున్న గ్రామఫోన్ కంపెనీ కలిసి ఇఎంఐ అయ్యాయి. మన తాతల ఇళ్ళల్లో పాత తెలుగు సినిమా పాటల రికార్డుల మీద కనబడే పేర్లు ఈ రెండే. లండన్ పక్కన హేస్ అనే చోట పెద్ద ల్యాబ్ వచ్చింది. ఆ సంవత్సరం మొదట్లోనే బ్లమ్‌లైన్ తనకి కాబోయే భార్య డోరీన్‌తో సినిమాకి వెళ్ళాడు. టాకీలు అప్పుడప్పుడే వచ్చిన రోజులు. నటుడు తెర మీద ఓ చివర్నుంచి ఇంకో చివరికి నడుస్తున్నాడు, గొంతు మాత్రం ఒకే చోట నుంచి వస్తోంది. అందరూ చూసి ఊరుకున్న విషయమే అది. ఈయన మాత్రం గొంతు మనిషి వెంట నడిచేలా చేసే ఉపాయం తన దగ్గరుందని డోరీన్‌తో చెప్పాడు.

ఉపాయం ఏమిటి? స్పీకర్లు ఎక్కువ పెట్టడం కాదు. శబ్దం ఎటునుంచి వస్తోందో మనిషికి అసలు ఎలా తెలుస్తుంది అన్న దగ్గర మొదలుపెట్టాడు. ఎడమ పక్క నుంచి ఎవరన్నా పిలిస్తే ఆ శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది. కుడి చెవికి కాస్త ఆలస్యం. ఎంత ఆలస్యమంటే సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. తల అడ్డం కాబట్టి కుడి చెవికి కొంచెం తక్కువగా కూడా వినిపిస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో మెదడు ఈ కాలం తేడాని పట్టుకుంటుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో స్థాయి తేడాని పట్టుకుంటుంది. ఈ రెండు తేడాల్ని గదిలో కూర్చున్న మనిషి చెవుల దగ్గర మళ్ళీ పుట్టించగలిగితే చాలు, ఎదురుగా ఉన్నవి రెండే పెట్టెలైనా ఆ మనిషికి ఒక వేదికంతా వినిపిస్తుంది.

1931 డిసెంబర్ 14న ఆయన దాఖలు చేసిన పేటెంటు నంబరు 394325. అందులో 70 క్లెయిములున్నాయి. ఒక్క ఉపాయానికి పేటెంటు తీసుకోవడం వేరు. ఇందులో మైకుల దగ్గర నుంచి స్పీకర్ల దాకా ఒక ప్రపంచమే ఉంది. రెండు మైకుల్ని ఒకే చోట, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో పెట్టి రికార్డు చేయడం అందులో ఉంది. స్టూడియోల్లో దాన్ని ఇప్పటికీ బ్లమ్‌లైన్ జంట అనే పిలుస్తారు. గ్రామఫోన్ గాడికి రెండు గోడలుంటాయి కదా, ఒక్కో గోడ మీద ఒక్కో చానల్ 45 డిగ్రీల్లో కోస్తే ఒకే ముల్లు రెండిటినీ చదువుతుంది. అదీ ఉంది. సినిమా రీలుకి రెండు చానళ్ళు ఎలా ఎక్కించాలో అదీ ఉంది. స్టీరియో అనే మాట ఆయన వాడలేదు. రెండు చెవుల శబ్దం అనే అర్థం వచ్చేలా బైనారల్ అన్నాడు. పేరులోనే చెవులున్నాయి, పెట్టెలు లేవు.

ఎడమ, కుడి చానళ్ళని మొత్తంగానూ, తేడాగానూ మార్చి, మళ్ళీ వెనక్కి తెచ్చుకునే పద్ధతి కూడా ఆ పేటెంటులోదే. ఈసీఈ వాళ్ళు గుర్తుపట్టే ఉంటారు. తర్వాత వచ్చిన ఎఫ్‌ఎం స్టీరియో కూడా ఎల్ ప్లస్ ఆర్, ఎల్ మైనస్ ఆర్ అనే పంపుతుంది. అందుకే ఒక్క స్పీకరున్న పాత రేడియోలో కూడా పాట మొత్తం వినబడుతుంది. ఎంపీ3 ఫైలు సైజు తగ్గించడంలోనూ ఇదే కిటుకు పనికొచ్చింది.

ఈ పేటెంటుని మన గదిలోకి తెచ్చుకుంటే ఏమవుతుందో చూద్దాం. గాయకుడి గొంతు రెండు చానళ్ళలోనూ సమానంగా ఉంటుంది. మీరు రెండు స్పీకర్లకి సమదూరంలో ఉంటే ఆ గొంతు సరిగ్గా మధ్యలో, అసలు స్పీకరే లేని చోట నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. రెండడుగులు పక్కకి జరగండి, గొంతు దగ్గరి స్పీకర్లోకి వెళ్ళిపోతుంది. అందుకని స్పీకర్ల మధ్య రెండు మీటర్లుంటే, మీకూ ఒక్కో స్పీకరుకీ మధ్య కూడా సుమారు రెండు మీటర్లు ఉండాలి. సమబాహు త్రిభుజం అన్నమాట. ఎక్కువ ఫ్రీక్వెన్సీలు పలికే చిన్న స్పీకరు, అదే ట్వీటర్, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్లూ ఒకే మోడల్‌వి కావాలి. ఒకటి బీరువా మీద, ఇంకోటి మంచం కింద పెడితే బ్లమ్‌లైన్ లెక్క మొత్తం చెడినట్టే.

తీగల విషయంలో ఒక చిన్న జాగ్రత్త ఉంది. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ఒక స్పీకరుకి మాత్రం తిరగేసి కలిపితే ఒక కోను ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. బేస్ మాయమవుతుంది, మధ్యలో ఉండాల్సిన గొంతు ఎక్కడుందో తెలియకుండా పోతుంది. కొత్త సిస్టమ్‌లో బేస్ లేదని సబ్‌వూఫర్ కొనడానికి పరిగెత్తే ముందు తీగలు ఓసారి చూసుకుంటే డబ్బు మిగలొచ్చు.

మళ్ళీ కథలోకి వద్దాం. 1933లో డోరీన్‌తో పెళ్ళయింది. ఆ సంవత్సరం చివర్లో హేస్ ల్యాబ్‌లో మొదటి స్టీరియో డిస్కులు కోశారు. 1934 జనవరిలో అబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ ఆర్కెస్ట్రా మొజార్ట్ జూపిటర్ సింఫనీని రిహార్సల్ చేస్తుంటే దాన్నీ రెండు చానళ్ళలో పట్టుకున్నారు. తర్వాతి ఏడాది స్టీరియో శబ్దంతో చిన్న ప్రయోగ చిత్రాలు తీశారు. ఒకదాంట్లో హేస్ స్టేషన్‌లో రైళ్ళు వెళుతుంటే శబ్దం కూడా వాటితోపాటే వెళుతుంది. సినిమా హాల్లో డోరీన్‌కి ఇచ్చిన మాట నెగ్గించుకున్నాడు.

కానీ అది ఆర్థిక మాంద్యం కాలం. రికార్డుల అమ్మకాలే పడిపోయాయి. ఇంటింటికీ రెండు స్పీకర్లు కొనమని ఎవరితో చెబుతారు? కంపెనీ చూపు టెలివిజన్ మీదకి మళ్ళింది. స్టీరియో పని అటకెక్కింది. ఆయన తిట్టుకుంటూ కూర్చోలేదు. షోన్‌బర్గ్ బృందంలో ముఖ్యుడిగా 405 గీతల టెలివిజన్ వ్యవస్థ మీద పడ్డాడు. 1936 నవంబర్ 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ ప్రసారాలు మొదలైనప్పుడు వీళ్ళ పద్ధతీ, బెయిర్డ్ కంపెనీ పద్ధతీ వారం విడిచి వారం వాడారు. కొన్ని నెలల్లోనే బెయిర్డ్ పద్ధతిని ఆపేసి వీళ్ళదాన్నే ఉంచారు.

ఆ టీవీ పనిలో పుట్టిన ఒక సర్క్యూట్ మన సిలబస్‌లో ఉంది. రెండు వాల్వుల కాథోడ్లని కలిపి కింద ఒక పెద్ద రెసిస్టర్ పెట్టాడు. రెండు తీగల్లోనూ ఒకేలా వచ్చే హమ్ పోతుంది, తేడాగా వచ్చే సిగ్నల్ మాత్రం పెరుగుతుంది. 1936 నాటి ఈ లాంగ్ టెయిల్డ్ పెయిర్‌నే మనం ట్రాన్సిస్టర్లతో గీసి డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ అంటున్నాం. 741 ఆప్ ఆంప్ లోపల మొదటి మెట్టు ఇదే. పరీక్షలో కామన్ మోడ్ రిజెక్షన్ గురించి రాసేటప్పుడు ఆ బొమ్మ ఒకసారి జాగ్రత్తగా చూడండి. రెండు చెవుల మధ్య తేడాని వెతికిన మనిషి, రెండు తీగల మధ్య తేడాని వెతికాడు. ఇంకో ఏడాదికి యాంప్లిఫయర్ డిస్టార్షన్ తగ్గించే ఇంకో సర్క్యూట్‌కి పేటెంటు తీసుకున్నాడు. 1950లలో అల్ట్రా లీనియర్ అనే పేరుతో హైఫై వాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అప్పటికి ఆయన లేడు.

యుద్ధం వచ్చింది. బ్లమ్‌లైన్‌కి రాడార్ పని అప్పజెప్పారు. రాత్రివేళ, మబ్బుల మీద నుంచి కూడా కింది నేలని తెర మీద బొమ్మలా చూపించే హెచ్2ఎస్ రాడార్ అది. 1942 జూన్ 7, ఆదివారం. పరీక్ష కోసం డిఫర్డ్ వైమానిక స్థావరం నుంచి హాలిఫాక్స్ బాంబర్ ఎగిరింది. అందులో బ్లమ్‌లైన్‌తోపాటు ఇఎంఐలో ఆయన సహచరులు సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్ ఉన్నారు. ఇంజినులో మంట లేచింది, ఆర్పలేకపోయారు. వెల్ష్ బిక్‌నర్ అనే ఊరి దగ్గర విమానం కూలింది. ఉన్న 11 మందీ పోయారు. ఇంకో మూడు వారాలైతే బ్లమ్‌లైన్‌కి 39 నిండేవి. ఇంట్లో డోరీన్, ఇద్దరు కొడుకులు. ఇంజినులో ఒక చిన్న నట్టు సరిగ్గా బిగించకపోవడం వల్ల ఇది జరిగిందని చాలా ఏళ్ళ తర్వాత చేసిన పరిశీలనలో తేలింది.

పని రహస్యం కాబట్టి చావు కూడా రహస్యమే అయింది. ఏం చేస్తూ పోయాడో బయటికి చెప్పే వీల్లేదు. ఆ రాడార్ మాత్రం ఆగలేదు, మిగిలినవాళ్ళు పూర్తిచేశారు. రెండు చానళ్ళ రికార్డు మొత్తానికి 1958లో అంగళ్ళలోకి వచ్చింది. గాడిలో రెండు గోడలు, ఒక్కో గోడకి 45 డిగ్రీలు, అచ్చం ఆయన రాసిపెట్టినట్టే. అప్పటికి పేటెంటు గడువు తీరిపోయింది. దాని మీద ఒక్క పైసా ఎవరూ కట్టాల్సిన పని లేకుండా ప్రపంచమంతా వాడుకుంది. స్టూడియోల్లో తప్ప జనానికి ఆయన పేరు చాలాకాలం తెలియలేదు. 2015లో అబీ రోడ్ స్టూడియోలో ఆయన స్టీరియో పనికి గుర్తుగా ఐఈఈఈ వాళ్ళు ఒక ఫలకం పెట్టారు. 2017లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

హాస్టల్ రూమ్‌లోనో, రేపు ఉద్యోగం వచ్చాక అద్దె ఇంట్లోనో సిస్టమ్ పెట్టుకునేటప్పుడు ఈయన పనిచేసిన వరసలోనే మనమూ వెళ్ళొచ్చు. ముందు కుర్చీ ఎక్కడో తేల్చుకోవాలి. తర్వాత స్పీకర్ల చోటు. తర్వాత గది. పక్క గోడల మీద పడి తిరిగొచ్చే శబ్దం దిక్కుల లెక్కని పాడుచేస్తుంది కాబట్టి ఒక కర్టెన్, ఒక దుప్పటి, పుస్తకాలు నిండిన ఒక అల్మరా చాలా పనిచేస్తాయి. మూలకి నెట్టేసిన స్పీకరు బేస్‌ని ఉబ్బించి మాటల్ని మింగేస్తుంది, గోడకి కాస్త ఎడం ఇవ్వాలి. ఇవేవీ డబ్బుతో కొనేవి కావు. ఇవన్నీ అయ్యాక స్పీకర్లు కొనడం, చివర్న యాంప్లిఫయర్. రెండు సిస్టమ్‌లు పోల్చాలంటే రెండిటినీ ఒకే వాల్యూమ్‌లో, ఏది ఏదో చూడకుండా వినాలి. కొంచెం గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, కొట్టు వాళ్ళకి ఆ సంగతి తెలుసు. తక్కువ డబ్బులుంటే ఐదు చవక స్పీకర్ల కన్నా రెండు మంచివి మేలు. ఆయన రెండిటితోనే ఆర్కెస్ట్రా మొత్తాన్ని కూర్చోబెట్టాడు.

స్టీరియో రికార్డు కొట్లో అమ్ముడవడం ఆయన చూడలేదు. అది ఇంకెవరి ఇంట్లోనైనా మోగడం కూడా వినలేదు. మన దగ్గర ఇప్పుడు జేబులోనే లక్షల పాటలున్నాయి, అన్నీ రెండు చానళ్ళవే. వాటిని ఒక్క బ్లూటూత్ డబ్బాలో ఒకటిగా కలిపేసి వింటున్నాం. ఈసారి పక్క రూమ్ వాడి స్పీకరు కూడా అడిగి తెచ్చుకుని, రెండూ ఒకే రకమైతే జతచేసి, ఎడమా కుడీ సరిచూసుకుని, త్రిభుజం మూడో మూలలో కూర్చుని మీకు బాగా తెలిసిన ఒక పాట వినండి. గొంతు మధ్యలో నిలబడుతుంది. అటూ ఇటూ వాయిద్యాలు సర్దుకుంటాయి.